మెదడులో ఇరుక్కున్న గడ్డ ఎక్కడిది?

పక్షవాతం వచ్చిన మనిషిని ఆస్పత్రిలో చేర్చాక ఇంటివాళ్లు డాక్టరును అడిగే ప్రశ్నలు ఏ ఊళ్లోనైనా ఒకటే. చెయ్యి మళ్లీ లేస్తుందా? మాట వస్తుందా? ఎన్నాళ్లు పడుతుంది? అడగాల్సినవే. వాటితోపాటు ఇంకోటి కూడా అడగాలి, అది మాత్రం చాలామంది నోట రాదు. మెదడులో అడ్డుపడిన ఆ గడ్డ అక్కడే పుట్టిందా, వేరేచోట పుట్టి అక్కడికి కొట్టుకొచ్చిందా? కొట్టుకొచ్చినదే అయితే, పుట్టిన చోట రెండోది తయారవుతూ ఉండొచ్చు. ఇంట్లో అందరూ పడిపోయిన చేతికి నూనె రాసి మర్దనా చేస్తూ ఉంటారు. అసలు సంగతి గుండెలోనో మెడలోనో అలాగే ఉండిపోతుంది.

కిందటి అధ్యాయంలో మెదడులో నాళం చిట్లి రక్తం కారడం వల్ల వచ్చే పక్షవాతం గురించి చెప్పుకున్నాం. కానీ ఎక్కువమందికి వచ్చేది అది కాదు. నాళం పూడుకుపోయి, దాని మీద ఆధారపడ్డ మెదడు భాగానికి రక్తం అందక వచ్చేదే ఎక్కువ. ఈ పూడిక రెండు రకాలుగా జరుగుతుంది. బీపీ, షుగరు, పొగ, కొలెస్ట్రాలు ఏళ్ల తరబడి నాళం గోడను మందం చేసి, చివరికి అక్కడికక్కడే మూసేయడం ఒకటి. ఎక్కడో కట్టిన గడ్డ రక్తంలో కొట్టుకొచ్చి, ఇక ముందుకు పోలేనంత సన్నటి నాళంలో ఇరుక్కుపోవడం రెండోది. డాక్టర్లు దీన్నే ఎంబాలిజం అంటారు. పూడిక వల్ల వచ్చే పక్షవాతాల్లో కనీసం అయిదింట ఒకటి గుండెలోంచి వచ్చిన గడ్డ చేసే పనే. మెడ నాళాల నుంచి తెగి వచ్చేవి వేరే.

గడ్డ ప్రయాణం చేస్తుందంటే ఇవాళ ఎవరికీ వింతగా ఉండదు. 1840ల దాకా మాత్రం వైద్యలోకం దాన్ని ఒప్పుకోలేదు. శవపరీక్షలో ఊపిరితిత్తి నాళంలో గడ్డ కనిపిస్తే, ఆ నాళం వాచి గడ్డ అక్కడే కట్టిందనేవారు. బెర్లిన్‌లోని షరీటే ఆస్పత్రిలో శవపరీక్షలు చేస్తున్న రుడాల్ఫ్ విర్కోకి ఈ వాదం మింగుడుపడలేదు. అప్పటికి అతనికి నిండా పాతికేళ్లు. ఊపిరితిత్తుల్లో గడ్డలున్న శవాల కాళ్ల సిరలు కోసి చూస్తే అక్కడా గడ్డలు కనిపించేవి. కుక్కల మెడ సిరల్లోకి రబ్బరు ముక్కలు దూర్చి, తర్వాత కోసి చూశాడు. ముక్కలు ఊపిరితిత్తుల్లో దొరికాయి. నాళం ఎంత వాచినా అందులో రబ్బరు పుట్టదు కదా! అదేవిధంగా గుండె ఎడమ భాగంలో కట్టిన గడ్డల ముక్కలు మెదడుకూ, మూత్రపిండాలకూ, కాళ్లూ చేతులకూ పోతాయని కూడా చూపించాడు. రక్తం నిలవుండటం, నాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం హెచ్చడం అంటూ వైద్య విద్యార్థులు నేటికీ విర్కో పేరుతో మూడు కారణాలు వల్లె వేస్తారు. వాటిని మూడుగా కూర్చి సూత్రం కట్టింది తర్వాతివాళ్లే గానీ, పేరు ఆయనకే దక్కింది. ఈ మూడింటిలో మొదటిదాన్ని గుర్తుంచుకోండి. ఈ అధ్యాయంలో చాలా భాగం దాని చుట్టూనే తిరుగుతుంది.

గుండెలోంచి జారిన గడ్డ మెదడుకే ఎందుకు పోవాలి? ఒక్క మెదడుకే పోదు, కాలికి పోయినా పోవచ్చు. కాకపోతే మన బరువులో మెదడు 2 శాతమే అయినా, గుండె పంపే రక్తంలో దాదాపు ఏడో వంతు దానికే వెళ్తుంది. మెడకు రెండు పక్కలా ఎక్కే కెరోటిడ్ ధమనులు లోపలికి వెళ్లి, మధ్య మస్తిష్క ధమని అనే పెద్ద కొమ్మగా దాదాపు తిన్నగా సాగుతాయి. గడ్డ ఎక్కువగా పట్టే దారి అదే. డెల్టా కాలువలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క పెద్ద కాలువలో ఎవరికీ అడ్డం కాదు. తూము దగ్గరికి వచ్చేసరికి అడ్డం పడుతుంది, ఆ తూము కింద చేలు ఎండుతాయి. ఇక్కడా అంతే. ఏ కొమ్మ మూసుకుందన్నదాన్ని బట్టి ఏ పని పోతుందన్నది ఉంటుంది. ముఖాన్నీ చేతినీ కదిలించే మెదడు భాగాలకు రక్తం ఇచ్చేది ఈ మధ్య ధమనే. చాలామందిలో ఎడమ పక్క ధమని కింద మాటకు సంబంధించిన భాగాలు కూడా ఉంటాయి. మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట పోవడం మూడూ కలిసి రావడానికి కారణం అదే. కాలిని నడిపే భాగానికి ఎక్కువగా వేరే ధమని రక్తం ఇస్తుంది కాబట్టి, కాలు త్వరగా కోలుకుని చెయ్యి మాత్రం మొండికేసిన రోగులను మనం తరచూ చూస్తుంటాం.

గడ్డ ఇరుక్కున్నాక లోపల ఏం జరుగుతుంది? మామూలుగా 100 గ్రాముల మెదడుకు నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20కి తగ్గితే కణాలు పని మానేస్తాయి గానీ చావవు. 10కి దిగువన అయితే నిమిషాల్లోనే చస్తాయి. మూసుకున్న నాళం కింద నడిమధ్య భాగం అలాగే పోతుంది. దాని చుట్టూ ఉన్న భాగానికి మాత్రం పక్క నాళాల నుంచి కాస్తో కూస్తో రక్తం అందుతూ ఉంటుంది. అక్కడి కణాలు పనిచేయవు, కానీ బతికే ఉంటాయి. గడ్డ తొలగితే లేచి కూర్చుంటాయి, తొలగకపోతే గంటలు గడిచేకొద్దీ అవీ పోతాయి. వైద్యం చేయగలిగిందంతా ఈ చుట్టు భాగాన్ని కాపాడటమే. పెద్ద నాళం మూసుకుంటే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని జెఫ్రీ సేవర్ అనే అమెరికన్ నరాల వైద్యుడు 2006లో లెక్కకట్టాడు.

నాళం ఏళ్ల తరబడి మెల్లగా సన్నబడితే పక్క నాళాలు సర్దుకుని పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. కొట్టుకొచ్చిన గడ్డ ఆ వ్యవధి ఇవ్వదు. అన్నం కలుపుతూ, ఫోన్లో మాట్లాడుతూ, బస్సు దిగుతూ ఉన్న మనిషికి ఉన్నట్టుండి మొత్తం దెబ్బ ఒకేసారి తగులుతుంది. ‘అప్పటిదాకా బాగానే ఉన్నాడండీ’ అని ఇంటివాళ్లు చెప్పే మాటలో డాక్టరుకు పనికొచ్చే ఆధారం ఉంది.

ఈ ప్రయాణాన్ని బతికున్న మనిషిలో కళ్లారా చూసినవాడు మిల్లర్ ఫిషర్. కెనడావాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళ వైద్యుడిగా వెళ్లి, ఓడ మునిగి, మూడేళ్లకు పైగా జర్మన్ల దగ్గర బందీగా గడిపాడు. తిరిగొచ్చాక మాంట్రియల్‌లో పనిచేస్తుండగా, ఎడమ పక్క చచ్చుబడిన ఒక రోగి ఆయనకు ఒక సంగతి చెప్పాడు. పక్షవాతం రాకముందు కొన్నిసార్లు తన కుడికన్ను కాసేపు కనిపించకుండా పోయిందని. పడిపోయింది ఎడమ పక్క, పోయింది కుడికన్ను. ఇంకొకరైతే రోగి పొరబడ్డాడనుకుని వదిలేసేవారు. ఫిషర్ వదల్లేదు. మెడలో కుడి కెరోటిడ్ ధమనే కుడికంటికీ, శరీరం ఎడమ పక్కను నడిపే కుడి మెదడుకూ రక్తం ఇస్తుంది. అంటే తప్పు మెడలో ఉందన్నమాట. 1951లో దాని మీద ఆయన రాసిన వ్యాసంతో వైద్యుల చూపు మెదడు నుంచి మెడకు దిగింది. ఆ తర్వాత ఒక రోగికి చూపు పోయి ఉన్న సమయంలోనే ఆప్తాల్మోస్కోపుతో కంటి లోపలికి చూసే అవకాశం దొరికింది. రెటీనా ధమనిలో తెల్లటి ముక్క ఒకటి నెమ్మదిగా ముందుకు జరుగుతూ, కొమ్మ చీలిన చోట ఆగుతూ, మళ్లీ కదులుతూ పోవడం ఆయన చూశాడు. 1959లో దాన్ని ప్రచురించాడు. ఒక కంటి ముందు తెర దించినట్టు చూపు పోయి కొద్ది నిమిషాల్లో తిరిగొస్తే, ‘నీరసంలే’ అని పడుకోకూడదని మనకు తెలిసింది ఇలాంటి పరిశీలనల వల్లే. చెయ్యో మాటో కాసేపు పోయి దానంతటదే వచ్చినా అంతే. తగ్గిపోయింది కదా అని ఊరుకున్నవాళ్లలో కొందరికి రోజుల్లోనే పెద్దది వస్తుంది.

ఇక గడ్డలు పుట్టే చోట్లు చూద్దాం. వీటిలో అన్నిటికంటే ముఖ్యమైనది గుండె ఎడమ కర్ణిక. దాని పక్కన చిన్న సంచి లాంటి భాగం ఒకటి వేలాడుతూ ఉంటుంది. గుండె లయబద్ధంగా కొట్టుకున్నంత కాలం ఆ సంచి ముడుచుకుని విప్పుకుంటూ రక్తాన్ని బయటికి నెడుతుంది. వయసు మీదపడ్డాకో, బీపీ చాలాకాలం ఉన్నాకో, థైరాయిడ్ ఎక్కువైనప్పుడో కొందరిలో కర్ణిక లయ తప్పుతుంది. ముడుచుకోవడం మానేసి, నిమిషానికి 350 సార్లకు పైగా ఊరికే వణుకుతుంది. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. సంచిలో రక్తం కదలక నిలవుంటుంది. విర్కో మొదటి కారణం ఇదే. వాల్వులు బాగున్నవాళ్లలో ఈ జబ్బు వల్ల కర్ణికలో కట్టే గడ్డల్లో పదింట తొమ్మిది ఆ సంచిలోనే దొరుకుతాయి. ఫ్రామింగ్‌హామ్ అనే అమెరికన్ పట్టణంలో దశాబ్దాల తరబడి జనాన్ని పరిశీలించినవాళ్లు, ఈ లయ తప్పడం వల్ల పక్షవాతం ముప్పు అయిదు రెట్లవుతుందని తేల్చారు. రుమాటిక్ జబ్బుతో మిట్రల్ వాల్వు కూడా చెడిన వాళ్లలో అది 17 రెట్లు.

ఈ 17 రెట్ల సంగతి మనకు కావలసింది. ధనిక దేశాల పుస్తకాల్లో గుండె నుంచి గడ్డ రావడం ప్రధానంగా ముసలివాళ్ల జబ్బు. మన దగ్గర అది ముప్ఫై ఏళ్ల ఇల్లాలికీ వస్తుంది. కథ బడి ఈడులో గొంతునొప్పితో మొదలవుతుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరుతుంది. దాని మీద దాడికి దిగిన రోగనిరోధక శక్తి కొందరు పిల్లల్లో తన కీళ్ల మీదా, గుండె కవాటాల మీదా కూడా పడుతుంది. జ్వరం వస్తుంది, కీళ్లు వాస్తాయి, తగ్గిపోతాయి. కవాటం మీది మచ్చ మాత్రం మిగిలిపోతుంది. పదేళ్లో ఇరవయ్యేళ్లో గడిచేసరికి మిట్రల్ వాల్వు బిగుసుకుపోయి సన్నబడుతుంది. దాని వెనక కర్ణిక ఉబ్బి లయ తప్పుతుంది. చాలామంది ఆడవాళ్లలో ఇది కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం వస్తే గానీ బయటపడదు. బయటపడకుండానే ఒకనాడు మాట పడిపోయినవాళ్లూ ఉన్నారు. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు వారాలకో పెన్సిలిన్ ఇంజెక్షన్ చొప్పున ఏళ్ల తరబడి ఇస్తే చాలావరకు ఆగే జబ్బు ఇది. ఇంజెక్షన్ చవక. వదలకుండా వేయించుకోవడమే కష్టం.

మిగతా చోట్లను క్లుప్తంగా చెప్పుకుందాం. గుండెపోటు తర్వాత కదలిక పోయిన గుండె గోడ, ఆపరేషన్‌లో అమర్చిన లోహపు వాల్వు, ఇన్ఫెక్షన్ పట్టిన వాల్వు, మెడ ధమనిలో కొవ్వు పేరుకుని పగిలిన చోటు. ఇంకొకటి విచిత్రమైనది. తల్లి కడుపులో ఉండగా గుండె రెండు కర్ణికల మధ్య ఉండే ద్వారం పుట్టాక మూసుకోవాలి. నలుగురిలో ఒకరికి అది పూర్తిగా మూసుకోదు. వాళ్లలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా నూరేళ్లూ బతుకుతారు. అరుదుగా, కాలి సిరలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు పోయేది కాస్తా ఆ సందులోంచి ఎడమ పక్కకు దూరి మెదడుకు ఎక్కుతుంది.

దెబ్బ తగిలిన రోజు ఏం చేయాలి? ముందు మన దగ్గర ఏం చేస్తారో చెప్తాను. ఆర్‌ఎంపీ వచ్చి సెలైను పెడతాడు. నాలుక కింద బీపీ బిళ్ల ఒకటి పెడతారు. పావురాన్ని కోసి ఆ రక్తం పట్టిస్తారు. ఫలానా ఊళ్లో పసరు మందు పోస్తారని కారు కట్టించుకుని బయల్దేరతారు. వీటికి ఇంత పేరెలా వచ్చింది? మూతి వంకరపోయిన ప్రతిదీ పక్షవాతం కాదు. ముఖానికి వెళ్లే నరం ఒక్కటే వాచి వచ్చే బెల్స్ పాల్సీలో కూడా మూతి వంకరపోతుంది. చాలామందికి అది కొన్ని వారాల్లో దానంతటదే నయమవుతుంది. మెదడుకు వచ్చిన చిన్న దెబ్బలు కొన్ని గంటల్లో సర్దుకుంటాయి. ఆ సమయానికి ఏ పసరు తాగి ఉంటే పేరు దానికి పోతుంది. బెల్స్ పాల్సీలో నుదురు ముడత పడదు, ఆ పక్క కన్ను పూర్తిగా మూసుకోదు. పక్షవాతంలో సాధారణంగా నుదురు బాగానే ఉంటుంది. ఈ తేడా తెలుసుకోవడం మంచిదే గానీ, దీన్ని నమ్ముకుని ఇంట్లో తీర్పు చెప్పుకోవద్దు.

చేయవలసింది ఇది. మొదటి లక్షణం ఎన్ని గంటలకు కనిపించిందో గుర్తుపెట్టుకోండి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108కి ఫోన్ చేసి, రాత్రీ పగలూ సీటీ స్కాన్ తీసే ఆస్పత్రికి పోండి. నోట్లో ఏమీ పోయొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్కాన్ కాకుండా ఆస్పిరిన్ ఇవ్వొద్దు, లోపల నాళం చిట్లి ఉంటే అది హాని చేస్తుంది. పూడికా, చిట్లడమా అన్నది బయటి నుంచి ఎంత పెద్ద డాక్టరైనా కచ్చితంగా చెప్పలేడు. పూడిక అని తేలి, నాలుగున్నర గంటల లోపే అయితే, గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. ఇది పనిచేస్తుందని 1995లో రుజువైంది, అప్పటి గడువు మూడు గంటలు. 2008లో దాన్ని నాలుగున్నరకు పెంచారు. పెద్ద నాళంలో ఇరుక్కున్న గడ్డను ఇంజెక్షన్ ఒక్కటే కరిగించలేకపోవచ్చు. తొడ దగ్గరి ధమని నుంచి సన్నటి గొట్టం మెదడు దాకా పంపి గడ్డను పట్టి లాగేయడం 2015 నుంచి ప్రామాణిక చికిత్స అయింది. మెదడు ఇంకా మిగిలి ఉందని స్కాన్‌లో కనిపించిన కొందరికి 24 గంటల లోపు కూడా దీన్ని చేయవచ్చు.

గండం గడిచాక అసలు పని మొదలవుతుంది. గడ్డ గుండెలోంచి వచ్చిందని తేలితే రక్తం గడ్డకట్టకుండా మందు వాడాలి. ‘ఆస్పిరిన్ వేసుకుంటున్నాం కదండీ’ అంటారు. వేగంగా పారే ధమనిలో గోడ పగిలిన చోట కట్టే గడ్డలో ప్లేట్‌లెట్లు ఎక్కువ, ఆస్పిరిన్ అడ్డుకునేది వాటినే. నిలవున్న రక్తంలో కట్టే గడ్డ ఫైబ్రిన్ పోగులతో అల్లుకున్నది, దాని మీద ఆస్పిరిన్ ప్రభావం తక్కువ. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, వార్ఫరిన్ పక్షవాతాలను 64 శాతం తగ్గించింది. ఆస్పిరిన్ తగ్గించింది దాదాపు 20 శాతమే.

వార్ఫరిన్ పుట్టుక ఒక పశువుల కొట్టంలో. 1933 చలికాలంలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు చచ్చిన పెయ్యనూ, పాలక్యాను నిండా గడ్డకట్టని రక్తాన్నీ బండిలో వేసుకుని, మంచుతుఫానులో కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గరికి వచ్చాడు. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చస్తున్నాయి. ఆ గడ్డిలోని పదార్థాన్ని విడదీయడానికి లింక్ బృందానికి 1939 దాకా పట్టింది. దాని నుంచి తయారుచేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చి, 1954లో మనుషుల మందైంది. కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే గడ్డకట్టే పదార్థాలను ఇది అడ్డుకుంటుంది. మన ఆకుకూరల పేచీ ఇక్కడే. పాలకూర, తోటకూర, మునగాకుల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. వారమంతా పప్పుచారుతో గడిపి, ఆదివారం నుంచి రోజూ ఆకుకూరే తింటే మందు చాలదు. పూర్తిగా మానేస్తే మందు ఎక్కువవుతుంది. మానక్కర్లేదు, ఎప్పుడూ తినేంతే తినాలి. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష వేళకు చేయించుకోవాలి. అది సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి, లోహపు వాల్వు ఉన్న కొందరికి ఇంకాస్త ఎక్కువ. డాబిగాట్రాన్, అపిక్సాబాన్ లాంటి కొత్త మందులకు ఈ పరీక్షలు అక్కర్లేదు. అయితే లోహపు వాల్వు ఉన్నవాళ్లకు అవి పనికిరావు. రుమాటిక్ జబ్బుతో లయ తప్పినవాళ్లలో కూడా రివరాక్సాబాన్ కంటే పాత మందులే మేలని, మన దేశపు రోగులు కూడా పాల్గొన్న ఇన్విక్టస్ అధ్యయనం 2022లో చూపింది.

ఈ మందులకు రెండో పక్క పదును కూడా ఉంది. 2005 డిసెంబరు 18న ఇజ్రాయెల్ ప్రధాని ఏరియల్ షరోన్‌కు చిన్న పక్షవాతం వచ్చింది. రెండు రోజుల్లో ఇంటికి వెళ్లాడు. కర్ణికల మధ్య సన్నటి సందు ఉందని తేలడంతో, దాన్ని మూయడానికి జనవరి 5 తేదీ పెట్టి, అందాకా రక్తం పలచబడే మందు ఇచ్చారు. జనవరి 4 రాత్రి మెదడులో పెద్ద ఎత్తున రక్తస్రావమైంది. మళ్లీ స్పృహలోకి రాకుండా 2014 జనవరి 11న చనిపోయాడు. మందు ఇవ్వడం సరైనదేనా అని వైద్యులు చాలాకాలం వాదించుకున్నారు. అప్పుడే దెబ్బతిన్న మెదడులో నాళాలు బలహీనంగా ఉంటాయి. అందుకే పెద్ద పక్షవాతం వచ్చినవాళ్లకు ఈ మందు వెంటనే మొదలుపెట్టరు. ఆలస్యం చేస్తున్నారని డాక్టరు మీద విరుచుకుపడకండి. అలాగే, చిగుళ్లలో కాస్త రక్తం కనిపించిందని మీ అంతట మీరు ఆపేయకండి.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చిపోతూ ఉండొచ్చు కాబట్టి, ఒక్కసారి తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన అది లేదనుకోలేం. కారణం తేలని పక్షవాతం వచ్చినవాళ్ల చర్మం కింద చిన్న రికార్డరు పెట్టి చూస్తే, ఏడాదిలో 12 శాతం మందిలో అది బయటపడింది. మామూలుగా చూసినవాళ్లలో బయటపడింది 2 శాతమే. ఇంట్లో అరవై అయిదు దాటినవాళ్లుంటే మణికట్టు మీద, బొటనవేలి వైపు రెండు వేళ్లుంచి నిండా అర నిమిషం నాడి చూడండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఒక్కోసారి ఒక్కోలా ఉంటే, ఆయాసం, దడ ఏమీ లేకపోయినా సరే, ఆ వారంలోనే ఈసీజీ తీయించండి.